హిస్కె అడుగుమనిషి

కాలవ గడ్డకట్టిన రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ తిన్నగా పనిచెయ్యరు. పొద్దున్నే ఐస్ క్లబ్బు పెద్ద ఓనె బర్మా పట్టుకుని ఐసుకి కన్నం వేసి మందం చూడ్డానికి బయల్దేరతాడు. అతను తిరిగొచ్చేదాకా ఇళ్ళల్లో కాఫీ చల్లారిపోతుంది, బళ్ళో మాస్టారు బోర్డు వదిలేసి కిటికీకేసి చూస్తూ పాఠం చెప్తాడు. ఈమధ్య చలికాలాలకి మరీ బద్ధకం పట్టుకుంది. కొన్నేళ్ళు ఐసు ముఖమే కనపడదు. అందుకని వచ్చినప్పుడు వదులుకునే పిచ్చివాళ్ళు మా ఫ్రీస్‌లాండ్‌లో ఉండరు.

హిస్కె మాత్రం పదిహేనేళ్ళుగా వదులుకుంటూనే ఉంది. కాలవ గడ్డకట్టిందంటే చాలు, కుర్చీ గోడవైపు తిప్పేసుకుని అల్లిక పట్టుక్కూచునేది. ఒకప్పుడు క్లబ్బు పందేల్లో ఆమె ముందు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఎడమ తుంటి విరిగాక కుంటుకుంటూ రొట్టెల కొట్టుకెళ్ళి రావడమే పెద్ద ప్రయాణం అయిపోయింది.

ఆ గురువారం ఓనె వీధిలో నుంచే అరిచాడు. "గుర్రాన్ని తోలుకెళ్ళినా మోస్తుంది! వంతెన కింద మాత్రం నాకు పూచీ లేదు. గట్టు మీద తివాచీలు పరిచాం, ఎక్కి నడవండి!"

కూతురు రిక్స్ట్ వచ్చేసరికి హిస్కె అటక మీది పెట్టె దించి, చెక్క స్కేట్లకి నూనె రాస్తోంది.

"అమ్మా, ఆ పెట్టె ఎందుకు దించావ్?"

"స్కేట్లు దాన్లోనే ఉన్నాయి కనక."

"నీ తుంటిలో మేకులున్నాయి, గుర్తుందా?"

"ఉంది. తుప్పు పట్టకుండా కాస్త ఆడిద్దామనే."

"వేళాకోళం చాలు. ఇంకోసారి విరిగితే అతకదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఇక మంచమే గతి."

"మంచం ఎక్కడికీ పోదే. ఐసు ఆదివారానికల్లా పోతుంది."

రిక్స్ట్ కూలబడింది. అసలు మాట అప్పుడు పైకొచ్చింది. "నీ అడుగుమనిషి పడుతుందమ్మా. వంతెన దగ్గర పడుతుందని ఊరంతటికీ తెలుసు."

"నాకూ తెలుసు. దాని సంగతి తేల్చడానికే వెళ్తున్నా."

మా కాలవలో అంతే. ఐసు గాజులా తేటగా ఉన్నప్పుడు మన కింద మన అడుగుమనిషి నడుస్తుంటుంది. కిందటిసారి మనం ఎలా స్కేటింగ్ చేశామో అచ్చం అలాగే, ఆనాటి బట్టల్తోనే, మలుపు మలుపూ మళ్ళీ చేస్తుంది. తలెత్తి పైకి చూడదు. నిన్న ఐసు మీదికి వచ్చినవాళ్ళకి దానితో పేచీ లేదు, మఫ్లరు తప్ప తేడా ఏమీ ఉండదు. చిక్కల్లా పడ్డవాళ్ళకే. రొట్టెల గోసె ఒక ఏడు గాలిమర దగ్గర కుక్క అడ్డొచ్చి పడ్డాడు. మరుసటేడు కుక్క లేదు, అయినా సరిగ్గా అక్కడే బోర్లాపడ్డాడు. కింద మనిషి ఎటు పోతే కాళ్ళు అటే పోతాయి మరి.

హిస్కె పడ్డది పొగరుతో. వంతెన కింద చలి సరిగా దిగదు, ఐసు పలచగా ఉంటుంది. స్కేట్లు విప్పకుండానే గట్టెక్కి, తివాచీ మీద బాతులా నడిచి, అవతల దిగాలి. పందేలు గెలిచినవాళ్ళకి ఆ బాతునడక అంటే నామోషీ. హిస్కె తివాచీకేసి చూడనైనా చూడకుండా వంతెన కిందికి దూసుకెళ్ళింది. ఐసు పగిలింది. పగులులో స్కేటు ఇరుక్కుని పడింది, తుంటి విరిగింది. వెనకే వస్తున్న రిక్స్ట్ బోర్లా పడుకుని, తల్లి కోటు పట్టుకుని బయటికి లాగింది. ఆ రోజు నుంచి రిక్స్ట్ కూడా ఐసు మీద అడుగు పెట్టలేదు.

"పోనీ, వంతెన ముందే వెనక్కి తిరిగొచ్చేయ్," అని బతిమాలింది రిక్స్ట్.

"వెనక్కి తిరిగొస్తే అది అక్కడే పడి ఉంటుంది. ప్రతి చలికాలం దాన్ని అలా నీళ్ళలో వదిలేసి గోడకేసి చూస్తూ కూచోవడం నా వల్ల కాదు. సిగ్గేస్తోందే నాకు."

రిక్స్ట్ కళ్ళు తుడుచుకుని, తన సైకిల్ హెల్మెట్ తెచ్చి తల్లి నెత్తిన పెట్టి బిగించింది. "తల అన్నా మిగలనీ," అంది.

హిస్కె వంటింటి కుర్చీ ఒకటి పట్టుకుని కాలవలోకి దిగింది. మా పిల్లలు స్కేటింగ్ నేర్చుకునేది కుర్చీ తోసుకుంటూనే. అది చూసి గోసె ఊరుకుంటాడా?

"హిస్కె పెద్దమ్మా, ఏ క్లాసులో చేరావ్?"

"నీకంటే పై క్లాసే. నేను ఒక్కసారే పడ్డాను, నువ్వు ఏటా పడుతున్నావ్!"

గట్టు మీదివాళ్ళంతా పగలబడి నవ్వారు. హిస్కె కుర్చీ తోసింది. కిందికి చూస్తే అడుగుమనిషి అప్పటికే తయారుగా ఉంది. ఎర్ర టోపీ, నడుం వెనక కట్టుకున్న చేతులు, ఆ నిటారు మెడ. "అబ్బ, ఎంత టెక్కు!" అనుకుంది హిస్కె. కాస్త దూరం పోయాక కాళ్ళకి పాత లయ దొరికింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కుర్చీ అడ్డమనిపించింది. వదిలేసింది. అది ఒంటరిగా జారుకుంటూ పోయి రెల్లుగడ్డిలో ఆగింది.

గాలి చెవుల్లో హోరెత్తింది. హిస్కెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంత ఆనందాన్ని ఇన్నేళ్ళు అల్లికలో దాచిపెట్టిందా! గట్టు వెంట సైకిలు మీద రిక్స్ట్ "మెల్లిగా, మెల్లిగా!" అని అరుస్తూనే ఉంది.

వంతెన కనపడింది. అడుగుమనిషి వేగం పెంచింది. హిస్కె కాళ్ళు కూడా వాటంతటవే వేగం పెంచాయి. తివాచీ అంచు కుడివైపు గట్టు మీద కనపడుతోంది. కాళ్ళు అటు తిరగనంటున్నాయి. ఓనె టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

హిస్కె పళ్ళు బిగించి మడమలు అడ్డంగా తిప్పింది. స్కేట్లు కిర్రుమన్నాయి, ఐసు పొడి లేచింది. ఒళ్ళు ముందుకి తూలింది, వెనక్కి తూలింది, చేతులు గాలిమర రెక్కల్లా తిరిగాయి. తుంటిలో పోటు తన్నుకొచ్చింది. అయినా నిలబడింది. తివాచీకి బారెడు దూరంలో, తన రెండు కాళ్ళ మీద నిలబడింది.

అడుగుమనిషి మాత్రం ఆగలేదు. వంతెన నీడకేసి దూసుకుపోతోంది.

హిస్కె స్కేటు మడమతో ఐసుని దబదబా తన్నింది. "ఓసేయ్! ఎటు పోతున్నావే?"

వినలేదు.

"నిన్నేనే! ఒళ్ళు పొగరెక్కిన దానా! గెలిచింది చాల్లే, గట్టెక్కు!"

ఎర్ర టోపీ ఆగింది. మా ఊళ్ళో అంతకుముందు ఏ అడుగుమనిషీ పైకి చూసినట్టు ఎవరూ వినలేదు. హిస్కె అడుగుమనిషి చూసింది. ఒరిగిపోయిన హెల్మెటు, చలికి ఎర్రబడ్డ ముడతల మొహం, ముసలి కాళ్ళకి బిగించిన అవే చెక్క స్కేట్లు. అలా చాలాసేపు చూసింది. 'ఇంత ముసలిదాన్నయ్యాక కూడా నేను ఇక్కడే ఉన్నానా!' అనుకుని ఉంటుంది. ఆ తర్వాత గొప్పలు పోవడానికి ఇంకేం మిగుల్తుంది? బుద్ధిగా పక్కకి తిరిగి గట్టువైపు వచ్చింది.

ఓనె టోపీ పెట్టేసుకున్నాడు. "అయ్యో, దారికి అడ్డం నిలబడకండర్రా," అని జనాన్ని అదిలించాడు.

హిస్కె గట్టెక్కి తివాచీ మీద బాతులా అటూ ఇటూ ఊగుతూ నడిచింది. తివాచీ మీద అందరూ అలాగే నడుస్తారు కనక ఎవరూ పట్టించుకోలేదు. వంతెన అవతల దిగింది. కింద ఎర్ర టోపీ కూడా దిగింది. ఇద్దరూ చేతులు నడుం వెనక కట్టుకుని కాలవ చివర సరస్సు దాకా పోయారు.

హిస్కె తిరిగొచ్చేసరికి రిక్స్ట్ వంతెన పక్కన డేరా కొట్లో రెండు గిన్నెల బఠాణీ సూపు కొని నిలబడి ఉంది. తల్లి కుంటకుండా గట్టు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది.

"కాలు ఎలా ఉందమ్మా?"

"ఏ కాలు?" అంది హిస్కె.

రిక్స్ట్ చెప్పబోయింది. నోరు తెరిచి, తల్లి కాళ్ళకేసి చూసి, ఆగిపోయింది. ఒకదాన్ని చూసింది, రెండోదాన్ని చూసింది. ఏ కాలు సంగతి అడగబోయిందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

"ఏమో, ఏదో అడగాలనుకున్నా," అంది చివరికి. "ఇంద, ఈ గిన్నె పట్టుకో. నేను వెళ్ళి నా స్కేట్లు తెచ్చుకుంటా."