కాసులమ్మ పట్టు

నేను ఒక వలను. చేపల వలను కాను, సర్కసు వలను. ఊయలల మీద ఎగిరేవాళ్లు జారితే ఆదుకోవడానికి నన్ను గుడారంలో అడ్డంగా కడతారు. నాకు పని పడితే అందరికీ గుండె గుభేలుమంటుంది, పని లేకపోతే నన్నెవరూ తలుచుకోరు. మనుషుల దగ్గర ఇంతకన్నా విచిత్రమైన ఉద్యోగం ఉంటుందనుకోను.

ఒకసారి భీమిలికి వెళ్లే దారిలో ఎలుకలు నన్ను మూడు చోట్ల కొరికేశాయి. మేనేజరు సాంబశివం జాలరిపేటకు కబురు పంపితే కాసులమ్మ వచ్చింది. ఒడ్డున నిలబడి పెద్దవలలు లాగి లాగి గట్టిపడిన చేతులు ఆమెవి. ముడులు వేసి వెళ్లబోతుంటే సాంబశివం ఆపాడు. వల బాగుచేసిన మనిషే ముందుగా దాని మీద దూకాలన్నది మా సర్కసు ఆనవాయితీ. భయపడి పారిపోతుందని అంతా సరదాపడ్డారు. ఆమె చీర గోచీ బిగించి, నిచ్చెనెక్కి దూకింది. లేచి మళ్లీ ఎక్కింది. మూడోసారీ ఎక్కింది. ముడులను పరీక్షించడానికి ఒక్క దూకుడు చాలు. మిగతా రెండూ ఎందుకో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ వారమే పట్టేవాడు భుజం బెణికి ఇంటికి పోయాడు. తలకిందులుగా వేలాడుతూ, ఎగిరొచ్చేవాళ్ల మణికట్లు అందుకునే మనిషి అతను. మా సర్కసులో ఆ పని ఆడమనిషి ఎన్నడూ చేయలేదు.

"నాను పడతాను బాబూ," అంది కాసులమ్మ.

సాంబశివం నవ్వాడు. "ఇది చేపలు పట్టడం కాదమ్మా."

"సేపలైతే జారిపోతాయి బాబూ. మడుసులు తేలికే కదేటి?"

ఎగిరే వత్సల మాత్రం నవ్వలేదు. కేరళలోని తలశ్శేరి నుంచి వచ్చి పదేళ్లుగా ఎగురుతోంది; పట్టే మనిషి లేకపోతే ఆమెకూ బతుకు లేదు. ఆమె మాట మీద సాంబశివం ఒప్పుకున్నాడు కానీ, నెల తర్వాత వచ్చే ఆదివారం ఆటకి కుదరకపోతే ఎగిరే ఆటే ఎత్తేస్తానన్నాడు.

సాధన మొదలైంది. వత్సల ఎగురుతుంది, కాసులమ్మ అందుకుంటుంది, మరుక్షణం వత్సల నా మీద ఉంటుంది. మూడు వారాలు ఇదే వరస. ఆడచేతుల్లో బలమెక్కడిదని కింద జనం పెదవి విరిచారు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే లోటు బలంలో లేదు. మణికట్టు చేతికి తగలగానే కాసులమ్మ అలవాటుకొద్దీ వల లాగినట్టు లాగేసేది. ఆ గుంజుకి ఊయల ఊపు చెదిరి పట్టు వదిలిపోయేది.

చివరికి వత్సలే కనిపెట్టింది. వాచిన భుజాలు పట్టుకుని నా మీదే కూర్చుని అంది. "అక్కా, నువ్వు నన్ను లాగద్దు. నేనే వస్తాను. నువ్వు ఊరికే ఉండు."

"సముద్రం కాడ ఊరికే ఉంటే ఏదీ రాదమ్మా," అంది కాసులమ్మ దిగులుగా. లాగడం నేర్చినంత సులువుగా ఆగడం ఆమెకు రాలేదు.

ఆదివారం మొదటి ఆటకు జాలరిపేటంతా వచ్చి ముందు వరసల్లో కూర్చుంది. ఎందుకైనా మంచిదని సాంబశివం మైకులో కాసులమ్మ పేరు చెప్పలేదు. వత్సల ఊయల వదిలింది. కింద నుంచి నాకు కాసులమ్మ భుజాలు కనిపిస్తున్నాయి. అవి ఒక్కసారి బిగుసుకున్నాయి, లాగబోయాయి. నేను కట్టుతాళ్లతో సహా బిర్రబిగిశాను. ఆమె పెదవి కొరుక్కుని ఆగింది. వత్సల తనంతట తానే వచ్చి ఆ చేతుల్లో నిలిచింది. గుడారం చప్పట్లతో ఊగిపోయింది. సాంబశివం అప్పుడు గొంతు చించుకుని ఆమె పేరు చెప్పాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆమె పట్టింది, ఇద్దరమ్మాయిలకు నేర్పింది. ఇప్పుడు నైలాను వల వచ్చింది. నేను గోడౌనులో ఖాళీ బోనుల పక్కన చుట్టగా పడి ఉన్నాను. పత్రికలు ఆమెవి ఉక్కు చేతులని రాశాయట, ఇక్కడి కాపలావాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. రాసుకోనివ్వండి. ఆ మొదటి ఆట ముగిశాక ఆమె పైనుంచి దూకి నా మీద బోర్లా పడింది. అందరూ ఈలలు వేస్తున్నారు. లేవకుండా నా తాళ్లను గుప్పిళ్లతో పట్టుకుని, ఆ చేతులు ఎంతసేపు వణికాయో నాకొక్కదానికే తెలుసు.