తాడు కట్టని చెట్టు

వరిచేనుకైతే మందు కొడతాం. పశువుకు పోస్తాం, పుండుకు రాస్తాం. కొబ్బరిచెట్టుకు మాత్రం పెడతాం. లేత వేరు ఒకటి ఏటవాలుగా కోసి, మందున్న ప్లాస్టిక్ సంచిలో దాని కొస ముంచి, మూతి దారంతో బిగించి మట్టి కప్పేస్తే, చెట్టు నిదానంగా తాగుతుంది. తాగాక నెలన్నర దాకా ఆ కాయ ముట్టకూడదు. ఆ గుర్తుకే మొదలుకి గడ్డితాడు చుడతారు.

గంగరాజు దొడ్లో గోడవార చెట్టుకి పురుగు పట్టింది. నిన్న పొద్దున్న మందు పెట్టాడు గానీ తాడు చుట్టలేదు. ఒక్కోసారి వేరు తాగదు, మర్నాడు ఇంకో వేరు చూడాలి. తాగని చెట్టుకి తాడెందుకని ఆయన పట్టింపు. భార్య మాణిక్యాంబతో ఒక్క మాట అనాల్సింది. ఆయనకి మాటలు తక్కువ.

ఇవాళ పొలం నుంచి వచ్చేసరికి ఆవిడ అరుగు మీద బోండాం తాగేసి పక్కన పెడుతోంది.

"ఏ చెట్టుది?"

"గోడవారది. వేడి చేసిందని అప్పాజీ చేత దింపించాను. ఏంటండీ ఆ మొహం?"

గంగరాజు గబగబా వెళ్లి చెట్టు మొదట్లో మట్టి తీశాడు. సంచి ఖాళీ. చెట్లెక్కి కాయల దింపు తీసే అప్పాజీ వెనకే వచ్చి తొంగి చూశాడు.

"తాగేసిందండి!"

సంచి అడుగున చిన్న చిరుగు కనబడింది. పీత గీరిందో, కట్టేటప్పుడు తన చేతిలోనే చిరిగిందో. కింద మట్టి మందు కంపు కొడుతోంది.

"అయితే కారిపోయిందండి. తాగలేదు," అన్నాడు అప్పాజీ.

"కొంత తాగి, కొంత కారిందేమో?"

"అది చెట్టునే అడగాలండి, ఆయ్!"

మందు సీసా జేబులో వేసుకుని, మాణిక్యాంబని ఆటోలో నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు సత్యకుమారి సీసా మీద పేరు చదివింది.

"చెట్టుకి ఇది పెట్టారా?"

"పెట్టానండి. పెట్టినట్టు కాదండి. కారిపోయిందండి. కొంత ఎక్కిందేమోనండి."

"ఏదో ఒకటి చెప్పండి."

సెలైన్ కింద పడుకున్న మాణిక్యాంబే అందుకుంది.

"నాకు కడుపులో ఏం తిప్పట్లేదమ్మా. ఈయన మొహం చూస్తేనే తిప్పుతోంది."

రాత్రంతా ఉంచుకుని, పొద్దున్న ఇంటికి వెళ్లమన్నారు.

"అయితే చెట్టు తాగనట్టేనాండి?" అడిగాడు గంగరాజు.

"ఆవిడ బాగున్నారండి. చెట్టు సంగతి నాకు తెలీదు."

ఇంటికి రాగానే గడ్డితాడు తెచ్చి చెట్టు మొదలుకి చుట్టాడు. అప్పాజీ గోడవతల నుంచి చూసి నవ్వాడు.

"తాగిందో లేదో తేలకుండానే కడుతున్నారేంటండి?"

"ఏమో."

గునపం అందుకుని, కొత్త వేరు వెతకబోతూ ఆగి, వంటింటి వైపు తిరిగి గొంతెత్తాడు.

"మాణిక్యం! గోడవార చెట్టుకి మందు పెడుతున్నాను. విన్నావా?"

"వీధి వీధంతా విందండీ!"

అయినా ఆయన గుమ్మం దాకా వెళ్లి, మరోసారి చెప్పి వచ్చాడు.