ఒక చుట్టు ఎక్కువ

“ఆరు… ఏడు… ఎనిమిది. చాలు.”

ఎనిమిదో చుట్టు దగ్గర ఉచిబోరి షిగెయో లేతు యంత్రం పిడి మీంచి చెయ్యి తీశాడు. దానికి బిగించిన ఫ్లైవీల్, కారు ఇంజనుతో పాటు తిరిగే ఉక్కు చక్రం, ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. దాని వీపు మీంచి లేచిన ఉక్కు తరుగు నీలంగా కమిలి, చుట్టలు చుట్టలుగా కింది పళ్లెంలో పడింది. దాన్ని కుంచెతో చివరి పోగు దాకా ఊడ్చి కాటా మీద పోశాడు. వెయ్యీ ఎనిమిది వందల నలభై గ్రాములు. ఉండాల్సినంతే ఉంది. అయినా ఇంకోసారి తూచాడు.

అరవైనాలుగేళ్ల మనిషి. పొట్టి. రోజంతా పిడి మీదికి వంగి వంగి కుడి భుజం కిందికి జారింది. ముంజేతుల నిండా వేడి తరుగు చురుక్కుమనిపించిన మచ్చలు, నువ్వులు చల్లినట్టు. సుజుకా ఊళ్లో పక్కవీధి వాళ్లక్కూడా ఆయన పేరు తెలియదు. సకకురా వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్లుగా ఇదే లేతు ముందు నిలబడి పందెపు కార్ల ఇంజను చక్రాల్లోంచి బరువు తీస్తున్నాడు. ఇవాళ్టితో ఆఖరు.

ఈ షెడ్డుకి వచ్చేవాళ్లందరిదీ ఒకటే గోల: బరువు తగ్గించండి. కారు తలుపులోంచి కిలో తీస్తే కిలో తగ్గినట్టు, అంతే. అదే ఇంజనుతో పాటు తిరిగే చక్రంలోంచి తీస్తే, యాక్సిలరేటరు మీద పాదం ఆనించీ ఆనించకముందే ఇంజను ఎగిసిపడుతుంది. ఆ ఎగిసిపాటు కోసం చచ్చిపోతారు జనం. నిజంగానే చచ్చిపోయే దారీ అందులోనే ఉంది. చక్రం మరీ పల్చనైతే, నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగేటప్పుడు పగిలి, కారు అడుగును కోసుకుంటూ నడిపేవాడి కాళ్ల మీదికొస్తుంది. అందుకే పదహారు మిల్లీమీటర్ల మందంతో వచ్చే ఈ రకం చక్రానికి ఎనిమిది మిల్లీమీటర్లు ఆఖరి హద్దు. లేతు పిడి ఒక్క చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటరు పోయినట్టే.

షిగెయో ఇక్కడ చేరిన మూడో వారం, జూన్ పన్నెండున, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఒకతను ఫ్లైవీల్ పట్టుకుని నెత్తిన కూర్చున్నాడు. సాయంత్రానికల్లా కావాలట. తీసిన తరుగును పని ఇచ్చినవాడి కళ్లముందే తూచి చూపించడం ఈ షెడ్డు ఆనవాయితీ. అతను అది కూడా చూడకుండా చక్రం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత తూస్తే రెండు వేల డెబ్భై వచ్చింది. రెండు వందల ముప్పై ఎక్కువ. సరిగ్గా ఒక చుట్టు బరువు.

షిగెయో మళ్లీ తూచాడు, అంతే వచ్చింది. లెక్క తప్పి తొమ్మిదో చుట్టు తిప్పానా? ఆఖర్న మందం కొలిచానా? కొలిచినట్టే గుర్తు. కానీ కొలిచింది ఆ చక్రాన్నో, ముందురోజు చేసినదాన్నో ఎంత తన్నుకున్నా తేలలేదు. అతని ఊరేదో ఎవరికీ తెలియదు. మర్నాడు యజమానికి చెప్పేద్దామని వచ్చాడు. ఇతను నోరు తెరవకముందే ఆ పెద్దాయన భుజం తట్టి, “నువ్వింక ఇక్కడే ఉండిపోవయ్యా, పర్మనెంటు చేస్తున్నా,” అన్నాడు. పాత ఫ్యాక్టరీ మూతపడి ఏడాదిగా ఖాళీగా ఉన్న మనిషి షిగెయో. ఆ పూట మింగిన మాట మళ్లీ పైకి రాలేదు. పెద్దాయన పోయాడు కూడా.

అప్పట్నుంచే చుట్లు పైకి లెక్కపెట్టడం. “సన్యాసిగారి జపం మొదలైంది” అని తోటివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. పందేల రోజున గుట్ట అవతలి ట్రాక్ నుంచి అంబులెన్సు కూత వినిపిస్తే తింటున్న పళ్లెం పక్కకి జరిపేసేవాడు. “నిద్రలో కూడా అంకెలేనా మీకు” అని భార్య తొకికో విసుక్కునేది.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మొరొజూమి వచ్చాడు. పక్క ఊరు త్సులో క్షౌరశాల నడుపుతాడు, ఆదివారాలు కారు తోలుతాడు. చంకలో షాపు తువ్వాలు చుట్టిన ఫ్లైవీల్.

“మేస్త్రీగారూ, ఆఖరి రోజైనా దొరికారు. ఓ ముసలాయన గరాజులోంచి పాత కారు కొన్నాను. ఇరవై ఏళ్లు ట్రాక్ మీద తెగ తిప్పాడట. దీన్లోంచి ఇంకో పావుకిలో లాగెయ్యండి. ఇంజను నా కత్తెరంత చురుగ్గా ఉండాలి.”

“మీ కత్తెర చురుకు మీ తలకాయ మీద కనిపిస్తూనే ఉందిలెండి,” అంది హిసాయె. పెద్దాయన కూతురు, ఇప్పుడు షెడ్డు ఆమెదే.

షిగెయో తువ్వాలు విప్పాడు. అంచున చెక్కిన అంకెలు: 6-12, నెలా తేదీ, ఆ వెనక తను ఇక్కడ చేరిన ఏడాది. పక్కన తను పెట్టే చిన్న చుక్క.

మందం కొలిచే మైక్రోమీటరు తీశాడు. మోచెయ్యి బల్లకి ఆన్చి, క్లచ్ రాపిడి తగలని అంచున కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోచోట కొలిచాడు. మూడోచోట కొలిచి, అంకె జారకుండా మీట బిగించి వెలుతురు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎనిమిది పాయింటు సున్నా రెండు.

“అమ్మాయిగారూ, ఆ స్టూలు ఇలా జరపండి.”

కూర్చున్నాడు. హమ్మయ్య అనడానికి కూడా ఓపిక లేకపోయింది. అంతా చెప్పేశాడు, మింగిన మాటతో సహా. అయినా ఆ రెండు వందల ముప్పై గ్రాములు ఎక్కడివో అర్థం కావట్లేదన్నాడు.

“జూన్ పన్నెండా? నా పుట్టినరోజది,” అంటూ హిసాయె లోపలికెళ్లి, కాగితాల మీద బరువు పెట్టుకునే గుండ్రటి ఉక్కు బిళ్ల తెచ్చింది. వెనకాల అదే తేదీ చెక్కి ఉంది. “అప్పుడే కుంచెరాత నేర్చుకోవడం మొదలెట్టా. కాగితం ఎగరకుండా నాన్న చేసిచ్చాడు. మీరు భోజనానికి వెళ్లినప్పుడు మీ లేతు మీదే చేశాడు, నేను పక్కనే ఉన్నా.”

“మరి తరుగు?”

“మా నాన్న జన్మలో ఎప్పుడైనా లేతు ఊడ్చాడా?”

షిగెయో ముందు నవ్వాడు. తర్వాత మొరొజూమి తువ్వాలు లాక్కుని ముఖం దాచుకున్నాడు.

“నాన్న ఉంటే మీకు రెండు వడ్డించేవాడు, ఇన్నేళ్లు దాచినందుకు,” అంది హిసాయె. 

“ఆయనకి నేను నాలుగు వడ్డించేవాణ్ణి, ఊడవనందుకు.”

“ఇంతకీ నా పావుకిలో?” అన్నాడు మొరొజూమి.

“ఒక్క గ్రాము తియ్యను. ఇది హద్దు మీదే ఉంది. కావాలంటే మీరే పావుకిలో తగ్గండి.”

అయిదింటికి పూలిచ్చారు. షిగెయో అందరికీ వంగి నమస్కరించి, చినుకులు మొదలవుతున్నాయని తొందరగా బస్సుకి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున తొకికో ఫోన్ చేసింది. పూలకి కృతజ్ఞతలు చెప్పి, “బస్సులోనే నిద్రపోయి నాలుగు స్టాపులు దాటిపోయారమ్మా. ఇంటికొచ్చి మళ్లీ పడుకున్నారు, ఇంకా లేవలేదు. అంకెలు గింకెలు ఏమీ లేవు,” అంది.

హిసాయె ఫోన్ పెట్టేసి లేతు దగ్గరికెళ్లింది. కొలిచాక మైక్రోమీటరు మీట వదులు చేసి డబ్బాలో పెట్టకపోతే షిగెయో ఎవర్నీ వదిలేవాడు కాదు. అది బల్ల మీదే ఉంది. ఆమె చుట్టూ దుమ్ము తుడిచింది గానీ దాన్ని కదపలేదు. దవడల మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీతో, మీట బిగించింది బిగించినట్టే, కిటికీ వెలుతుర్లో పడుంది.