కొంగ వేషం

లండన్‌కి ఉత్తరాన థార్న్‌లీ ఊళ్ళో నూలు మిల్లులు మూతబడ్డాక గట్టిగా చెప్పుకోదగ్గవి రెండే మిగిలాయి: వర్షం, పిల్లింగ్ కంపెనీ. పిల్లింగ్ వాళ్ళు మొదట్లో కరెంటు మీటర్లు చేసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఎవరికి పుట్టిన బుద్ధో గాని కంప్యూటర్లలోకి దిగారు. చేసిన యంత్రానికి హెరాన్ అని పేరు పెట్టారు. హెరాన్ అంటే కొంగ.

ఆ కొంగకి మాటలు నేర్పింది ఎనిడ్ హార్‌గ్రీవ్స్. స్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి వచ్చి, మొదటి యంత్రం నుంచీ దానికి ప్రోగ్రాములు రాస్తోంది. ఆమె మొగుడు విల్ఫ్ కింది అంతస్తులో తీగల షాపు మేస్త్రీ. ఆవగింజంత ఉంగరాల్లోంచి వెంట్రుకల్లాంటి తీగలు దూర్చి, యంత్రం జ్ఞాపకశక్తిని పలకలు పలకలుగా అల్లేది ఆ షాపులోనే. అల్లేవాళ్ళందరూ ఒకప్పుడు మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు. చేతులు ఎంత జోరుగా ఆడేవో నోళ్ళూ అంతే. పెళ్ళాం పైన, మొగుడు కింద, కాపరమంటే ఇదీ అని విల్ఫ్‌ని ఏడిపించని రోజు లేదు. అతను వినీ విననట్టు నవ్వుకునేవాడు. వాళ్ళంటే అతనికి ప్రాణం.

పంతొమ్మిది వందల అరవై ఏడులో పిల్లింగ్‌ని తీసుకెళ్ళి వెదర్‌బై కంపెనీలో కలిపేశారు. అమెరికా వాళ్ళ ముందు మన చిన్న కంపెనీలు విడివిడిగా నిలవలేవు, ఐకమత్యమే మహాబలం అని లండన్‌లో పెద్దమనుషులు తేల్చారు. ఆ తేల్చినవాళ్ళలో ఒక్కడూ తన కుర్చీలో పక్కవాడికి చోటిచ్చిన పాపాన పోలేదు. పేపర్లలో దీన్ని పెళ్ళి అని రాశారు. ఈ పెళ్ళిలో అత్తవారిల్లు ఎవరిదో థార్న్‌లీ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. గేటు మీద పిల్లింగ్ బోర్డు దింపేశారు, క్యాంటీన్లో మేనేజర్లకి వేరే గది కట్టారు.

వెదర్‌బై వాళ్ళకి ముందే ఒక కంప్యూటర్ ఉంది, పేరు రీజెంట్. ఒకే కంపెనీలో రెండు యంత్రాలు, ఒక ఒరలో రెండు కత్తులు. హెరాన్‌కి రాసిన ప్రోగ్రాం రీజెంట్‌కి ముక్క అర్థం కాదు. ఇక రీజెంట్‌ని పుట్టించిన డెనిస్ పెల్హామ్ ప్రతి సోమవారం లండన్ రైలు దిగి, మెరిసే బూట్లతో, మడత నలగని గొడుగుతో వచ్చేవాడు. థార్న్‌లీలో మడత విప్పని గొడుగు పట్టుకు తిరిగే మనిషిని ఎవరు నమ్ముతారు?

అతగాడే ఎనిడ్‌కి కొత్త పని తెచ్చాడు. హెరాన్ కొనుక్కున్న పాత కస్టమర్లు ఈ కలపడాలూ విడదీయడాలూ చూసి బెదిరి అమెరికా వాళ్ళ దగ్గరికి పోకుండా, వాళ్ళ ప్రోగ్రాములు రీజెంట్ మీద కూడా నడిచేట్టు ఏదైనా చెయ్యాలి. అంటే రీజెంట్ చేత హెరాన్ వేషం కట్టించాలి. ఇది కేవలం వాళ్ళ భయం పోగొట్టడానికేననీ, హెరాన్ తయారీ ఎక్కడికీ పోదనీ పెల్హామ్ చెప్పాడు. కావాలంటే చూడండి, పాల సహకార సంఘం వాళ్ళు ఇంకో పెద్ద హెరాన్‌కి ఆర్డరిచ్చారు కదా అన్నాడు. ఆ మాట నిజమే. ఆ ఆర్డరు నిలిస్తే విల్ఫ్ షాపుకి చేతినిండా పని. దాన్ని చూసి మిగతావాళ్ళూ ఆగుతారు. అది పోతే షాపు లేదు.

ఎనిడ్ వేషం రాసింది. పద్ధతి తేలికే. హెరాన్ ఆజ్ఞ ఒక్కొక్కటే చదవాలి, దాన్ని రీజెంట్ భాషలోకి మార్చాలి, చెయ్యాలి, మళ్ళీ ఇంకోటి. నడుస్తుంది గాని కాళ్ళీడుస్తుంది. ఒక ఆదివారం బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఆమెకి తట్టింది, ఒకసారి మార్చినదాన్ని పారేయకుండా దాచుకుంటే, అదే ఆజ్ఞ మళ్ళీ వచ్చినప్పుడు మార్చే పనే ఉండదు కదా అని. తట్టాక రాయకుండా ఉండలేకపోయింది. ఈ ప్రోగ్రాములు రాసే జాతికి ఉన్న రోగమే అది. వేరే టేపు మీదికి ఎక్కించి చూస్తే రీజెంట్ పరుగులు పెట్టింది.

భోజనాల దగ్గర ఆ సంగతి మొగుడికి చెప్పింది. విల్ఫ్ ముళ్ళ చెంచా కింద పెట్టాడు.

"ఎనిడ్, దాన్ని కుంటనీ," అన్నాడు. "అది కుంటినన్నాళ్ళూ వాళ్ళకి అసలు హెరాన్ కావాలి. మా ఆడవాళ్ళకి ఈ ఊళ్ళో ఇంకో పని లేదు."

"తప్పుడు పని చెయ్యమంటున్నావా?"

"తప్పు చెయ్యమనట్లేదు. మంచిది చూపించకు అంటున్నాను."

ఆమె సరేనంది. నిజంగానే సరే అనుకుని అంది. వేగం టేపుని టిఫిన్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఆఫీసు బీరువాలో తోసేసింది.

ఊరంతా ఒకే వారం సెలవు తీసుకుని బ్లాక్‌పూల్ సముద్రం దగ్గరికి కట్టగట్టుకుపోయే వేక్స్ వారం వచ్చింది. దానికి ముందరి శుక్రవారం పరీక్ష పెట్టారు. పాల సంఘం నుంచి టాటర్‌సాల్ అనే ముసలాయన వచ్చాడు. పొద్దున్నే ఏ బండి ఏ వీధిలో ఎన్ని సీసాలు దింపాలో అచ్చువేసి ఇచ్చే ప్రోగ్రాం ఆయనది. డైరెక్టర్లు వరసగా కూర్చున్నారు. విల్ఫ్ ఏదో పలక సరిచూసే వంకతో తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఎనిడ్ నెమ్మది టేపు ఎక్కించింది. రీజెంట్ హెరాన్ వేషం కట్టి పాలబండ్ల లెక్క మొదలుపెట్టింది. ఒక వీధి అచ్చయింది. అందరూ టీ తాగారు. ఇంకో వీధి అచ్చయింది. టాటర్‌సాల్ గడియారం చూసుకుని, ఈ లెక్కన పాలు పెరుగయ్యాకే ఇళ్ళకి చేరతాయి అని మెల్లిగా అన్నాడు. విల్ఫ్ మొహం విచ్చుకుంది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది.

అక్కడితో పెల్హామ్ ఊరుకుంటే కథ వేరేగా ఉండేది. ఊరుకోలేదు. తన యంత్రానికి మాట వచ్చిందని ఉడుక్కున్నాడు.

"మా రీజెంట్‌ని అనకండి," అన్నాడు డైరెక్టర్లతో. "ఆజ్ఞలు హెరాన్‌వి. అది మొదట్నుంచీ అంతే, ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయే కొంగ. దాని వేషం కడితే ఎంత మంచి గుర్రమైనా నిద్రపోతుంది."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎనిడ్ చెవులు కాలిపోయాయి. హెరాన్ మీద ఈగ వాలితే ఓర్చుకోలేని మనిషి. ఆ ఆజ్ఞల్లో ఒక్కటి కూడా బరువైనది లేదని, అంత పొందికైన భాష ఇంకే యంత్రానికీ లేదని ఆమెకి తెలుసు. ఆ గొడుగు మనిషి నలుగురిలో దాన్ని మొద్దు అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మొగుడు తలుపు దగ్గరే ఉన్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె అటు చూడనే లేదు. విసవిసా వెళ్ళి బీరువా తీసి టిఫిన్ డబ్బా తెచ్చింది.

"కొంగ నిద్రపోతోందో, దాన్ని మోసే గుర్రం నిద్రపోతోందో చూద్దాం మిస్టర్ పెల్హామ్," అంది.

రెండో టేపు ఎక్కింది. అచ్చుయంత్రం ఇక ఆగలేదు. వీధి మీద వీధి, కాగితం కింద పడి మడతలు మడతలుగా పేరుకుంది. డైరెక్టర్లు లేచి నిలబడ్డారు. ఎనిడ్‌కి ఒక్క నిమిషం ఆకాశం అందినట్టయింది.

టాటర్‌సాల్ కాగితాలు తిరగేసి కళ్ళజోడు తీశాడు. చెడ్డవాడు కాదు పాపం, ఉన్నమాట అన్నాడు.

"బ్రహ్మాండం, అమ్మాయ్. మా హెరాన్ కన్నా ఇదే బాగా ఆడుతోంది. మరి ఇంకో హెరాన్ నాకెందుకు చెప్పు?"

తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని అప్పుడు గాని ఆమెకి తెలియలేదు. తలుపు వైపు చూసింది. విల్ఫ్ అక్కడ లేడు.

బ్లాక్‌పూల్‌లో వారమంతా అతను ఆమెతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. చేపలూ చిప్సూ పొట్లం ఆమె చేతిలో పెట్టి సముద్రం వైపు తిరిగి తినేవాడు. తీగల ఆడవాళ్ళు అదే ఒడ్డున కుర్చీలేసుకుని పిల్లల్ని ఆడిస్తున్నారు, ఇంకా తెలియదు వాళ్ళకి. ఆమెకి వాళ్ళ మొహాలు చూసే ధైర్యం లేకపోయింది. చివరి రోజున అతనే నోరు తెరిచాడు. తిట్టలేదు.

"నన్నెవరైనా అలా అంటే డబ్బా తెచ్చేదానివా?" అని అడిగాడు.

ఆమె ఏడ్చింది. క్రిస్మస్‌కి ముందే షాపు మూతబడింది. విల్ఫ్ బస్సు డిపోలో చేరాడు. ఆడవాళ్ళలో కొందరు బిస్కెట్ల ఫ్యాక్టరీకి పోయారు, కొందరు ఇంట్లోనే కూర్చున్నారు. బజారులో ఎదురైతే ఎనిడ్‌ని పలకరించేవాళ్ళే గాని మునపట్లా ఏడిపించేవాళ్ళు కారు. అది ఆమెకి తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడూ ఉంటాడు. కొన్నేళ్ళకి వెదర్‌బైని ఇంకా పెద్ద కంపెనీ మింగింది. వాళ్ళకి వాళ్ళ యంత్రం ఉంది. ఈసారి దానిచేత రీజెంట్ వేషం కట్టించమని ఎనిడ్‌కే పురమాయించారు. ఒక శనివారం జోరువానలో పెల్హామ్ వచ్చి ఎనిడ్ ఇంటి తలుపు తట్టాడు. గొడుగు విప్పి ఉంది. విల్ఫ్ లోపలికి పిలిచి టీ పోశాడు.

పెల్హామ్ కప్పు తిప్పుతూ చాలాసేపు వాన గురించే మాట్లాడాడు. తన దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లల గురించి మాట్లాడాడు. చివరికి తల ఎత్తకుండానే అడిగాడు.

"మిసెస్ హార్‌గ్రీవ్స్, ఈసారి వేషం కాస్త కుంటినా... ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు."

విల్ఫ్ కెటిల్ పక్కన పెట్టి పెళ్ళాం వంక చూశాడు. ఆమెకి పెల్హామ్ మీద కోపం రాలేదు. జాలేసింది. అదే ఆమెకి ఆశ్చర్యం.

"పాల సంఘం వాళ్ళు ఇంకా పాత ప్రోగ్రామే వాడుతున్నారండీ," అంది. "మీ రీజెంట్ లోపల మా హెరాన్ వేషంలో నడుస్తోంది. రేపు రీజెంటే ఒక వేషమైతే, హెరాన్ వేషం లోపల వేషం. పైది కుంటితే లోపలిది పాకుతుంది. మా హెరాన్‌కి మిగిలింది ఆ కాస్తే. దాన్ని నేను పాకనివ్వలేను."

పెల్హామ్ తలూపాడు. వాదించలేదు. తనైనా అదే చేసేవాడినని మాత్రం అన్నాడు.

విల్ఫ్ అతని కప్పులో ఇంకాస్త టీ పోసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బస్సు డిపోలో మనుషులు కావాలంటున్నారని చెప్పాడు.