పీక తీసిన సన్నాయి

నేనొక సన్నాయిని. కూల్చేసిన ఒక మండువా ఇంటి దూలం నా ఒళ్లు, మొనకు తగిలించి ఊదే పీక నా గొంతు. ముగ్గురు నన్ను ఊదారు. మూడోవాడు కోనసీమ నూకరాజు. అతని పక్కన డోలు బావమరిది అప్పలస్వామిది.

కష్టాలు నాకు కొత్త కాదు. తుపాను కొబ్బరితోటలను నేలమట్టం చేసిన ఏడాది పెళ్లిళ్లు మాఘం నుంచి వైశాఖానికి వాయిదా పడ్డాయి. పడినా మమ్మల్నే పిలిచారు, నూకలైనా కొలిచారు. పెద్దనోట్లు చెల్లని నెలలో చేతికి కాగితం రాలేదు, ముందుకు విస్తరి మాత్రం వచ్చింది. ఆ కష్టాలు అందరి గడపా తొక్కాయి. కరోనా మాత్రం జాబితా పట్టుకుని వచ్చింది. పెళ్లికి యాభై మందే అన్నారు. వియ్యపురాలి మేనత్త తోడికోడలికి చోటు దొరికింది, మేళానికి దొరకలేదు. ఊళ్లో కొబ్బరి వ్యాపారి పెద్దిరాజుగారి లారీలకు దారి దొరికింది, మాకు దొరకలేదు. ఊదితే రోగం వస్తుందట. ముహూర్తానికి ఫోనులో మోత చాలునట.

వైశాఖం పోయింది, జ్యేష్ఠం పోయింది. రెండిళ్లలోనూ బియ్యపు డబ్బా అడుగు కనిపించాక, శ్రావణంలో, పెద్దిరాజుగారు కూతురి పెళ్లికని కబురంపారు.

“పీక తీసేసి ఉత్తినే పట్టుకో, నూకరాజూ. ఫొటోలో మేళం ఉండాలి. మోత ఫోనులోంచి వస్తుంది.”

చెరొక బస్తా బియ్యం ఇస్తామన్నారు. నూకరాజు తలూపాడు. నాకు గొంతుంటే ఆ ఇల్లు అదిరేది. నా గొంతు అతని జేబులో ఉంది.

పందిట్లో అతని వేళ్లు నా రంధ్రాల మీద ఆడాయి. గాలి లేదు. అంత అబద్ధంలోనూ ఆ వేళ్లు ఒక్క స్వరం తప్పలేదు. అది చూసి నాకు మరింత మండింది. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. ఫోను ఎవరిదో మేళం మోగించింది. నూకరాజు వేళ్లు ఆగాయి. మాస్కు దించాడు, జేబులోంచి పీక తీసి నాకు తగిలించాడు, ఊదాడు. నాలుగు నెలల ఆకలి ఒక్కసారిగా నాలోంచి వెళ్లింది. చుట్టాలు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు. తాళి మా మోతలోనే పడింది.

విస్తరి లేదు, బస్తా లేదు. దొడ్డిగుమ్మం చూపించారు. కాలవగట్టు మీద అప్పలస్వామి డోలు భుజం మార్చుకున్నాడు.

“బియ్యం పోయేయి బావా. నిన్నెవరూదమన్నారు?”

“మరి డోలెవడు కొట్టేడ్రా?”

ఇద్దరూ నవ్వలేదు. మర్నాటి నుంచి కొబ్బరి పీచు మిల్లులో కూలికి వెళ్తున్నారు. ఆ దుమ్ముకు ఇద్దరికీ దగ్గు పట్టింది. గోడమేకు మీద నుంచి వింటున్నాను. నా పాట విన్న చుట్టాల్లో ఒక్కరికీ తుమ్మయినా రాలేదట.