తెల్లగా మిగిలిన లోయ

ప్రొజెక్టర్ వేడి వాసన. గోడ మీద పటం, దాని నిండా పచ్చటి మరకలు.

పచ్చగా ఉన్నచోట కప్ప ఉంటుందట. తెల్లగా ఉన్నచోట ఉండదట.

ఉత్తరపు లోయ తెల్లగా ఉంది... పాలిపోయి.

ఆమె లెక్కల మనిషి. గోరంత కప్ప ఎక్కడెక్కడ బతుకుతుందో చెప్పే మూడు కంప్యూటర్ మోడళ్లను పక్కపక్కన పెట్టి పరీక్షించింది ఆమే. గెలిచినదానికి నూటికి తొంభై ఆరు. గోడ మీదున్నది దాని పటమే.

డైరెక్టర్ మురిసిపోయాడు. సొంత కూతురు ఫస్టొచ్చినంత సంబరం.

ఆమెకు ఒళ్లు మండింది. ఏం మార్కులవి? కప్పల్ని లెక్కపెట్టినవాళ్లు కారు దిగి పదడుగులు వేస్తే ఒట్టు. చూసిందంతా రోడ్డు పక్కనే. మోడల్‌కి పరీక్ష పెట్టిందీ ఆ రోడ్డు పక్క లెక్కలతోనే. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చి, ఆహా ఏం తెలివి అని చప్పట్లు!

అది నేర్చుకున్నది ఒక్కటే — కప్పలకు తారురోడ్డంటే ప్రాణమని.

వారం కూర్చుంది. ఒక ప్రాంతం లెక్కలన్నీ మోడల్‌కి చూపకుండా దాచేసి, ఇప్పుడు చెప్పవే అంది. తొంభై ఆరు కాస్తా యాభై రెండుకు జారింది. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. మూడింట్లో పాత, సాదాసీదా మోడల్ మాత్రం డెబ్బై దగ్గర నిలబడింది.

దాని పటంలో లోయ పచ్చగా ఉంది.

"ఆ పాతదెవరిక్కావాలమ్మా?" అన్నాడు డైరెక్టర్. " లోయలో కప్ప లేదని రాసిస్తే చాలు, క్వారీకి అనుమతి వచ్చేస్తుంది. క్వారీవాళ్లు శనివారం మిషన్లు దింపుతున్నారు. సంతకం పెట్టు."

పెట్టింది.

అందరినీ వెధవలనుకుంటూనే — అందరికంటే గుండ్రంగా పెట్టింది.

మర్నాడు, శుక్రవారం, సెలవు పెట్టి లోయకు వెళ్లింది. రోడ్డు వదిలి, చెప్పులు చేతబట్టుకుని, బురదలో రెండు గంటలు. అప్పటికే క్వారీవాళ్లు కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టేశారు.

తుంపర మొదలైంది.

ఒక కప్ప అరిచింది. తర్వాత పది. తర్వాత లోయ లోయంతా —

ఫోన్ మోగింది. డైరెక్టర్.

"ఎక్కడున్నావ్? ఏంటా గోల?"

"సున్నా సార్. మన పటంలో సున్నా. వినండి."

ఫోన్‌ను బురద మీదికి చాపింది. అవతల దగ్గు. తర్వాత...

"సరేలే. సోమవారం మాట్లాడదాం."

నవ్వొచ్చింది ఆమెకు. ఆయన మీదో, ఆ గుండ్రటి సంతకం మీదో.

కాలివేళ్ల మధ్య బురద చల్లగా ఉబికింది. ఆమె కదల్లేదు.

కదిలితే అవి ఆపేస్తాయి.