పెదాలు కనబడే టీవీ

టీవీల కొట్టులో అడుగుపెట్టేదాకా వెంకటరామయ్య తెలివైనవాడే. సచివాలయంలో ఎంత చిక్కు ఫైలైనా ఇట్టే తేల్చేస్తాడని పేరు. కొత్తగా లేచిన సైబర్ టవర్స్ దాటాక మాదాపూర్‌లో తెరిచిన ఈ కొట్టులో మాత్రం ఆయన బుర్ర గిర్రున తిరిగిపోయింది.

కిందటేడు జ్వరమొచ్చి భార్య కనకలక్ష్మికి వినికిడి పోయింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకోవడం ఎలాగో నేర్చుకుంది. మియాపూర్ ఇంట్లో ఉన్న పాత టీవీలో ముఖాలే ఆనవు, ఇక పెదాలేం కనబడతాయి? వార్తల వేళకు ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంటే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే ఆవిడను వెంటబెట్టుకుని ఈ బేరానికి వచ్చాడు.

"గిది తీస్కోండ్రి సార్, పెద్ద సైజు. అయిదు వందల లైన్లు," అన్నాడు కొట్టులో పనిచేసే మధుకర్.

"లైన్లంటే ఏమిటండీ?"

"బొమ్మంత గీతల మీదనే వస్తది సార్. గీతలు ఎక్కువుంటే బొమ్మ సాఫ్ ఉంటది. కాకపోతే మన కేబుల్ల అన్ని రావు."

"రానివాటిని కొనడమెందుకు మరి?"

"ముందుముందు వస్తయి సార్. ఫికర్ చెయ్యకుండ్రి."

పెద్ద టీవీలో డిస్కు పెట్టి చేపలు చూపిస్తున్నారు. పొలుసులతో సహా కనబడుతున్నాయి. చేపలతో తనకేం పనని వెంకటరామయ్య కేబుల్లో వార్తలు పెట్టించాడు. పెద్ద తెర మీద వార్తలావిడ ముఖం అడ్డగీతలతో చెదిరిపోయింది. పక్కనున్న చిన్నదాంట్లో అదే ముఖం కుదురుగా ఉంది.

"జర దూరంకెళ్లి చూడుండ్రి సార్."

వెనక్కి జరిగితే పెద్దదీ బాగానే ఉంది. ముందుకొస్తే మళ్లీ గీతలు. తమ గదిలో అంత వెనక్కి జరగాలంటే గోడ దాటి పక్కవాళ్ల వాటాలో కూర్చోవాలి.

"ఏది బాగుందే? పెద్దదైతే దూరం కావాలిట, చిన్నదైతే మరీ చిన్నదాయె..." తెరల వంక చూస్తూనే అడుగుతూ పోయాడు. జవాబు రాలేదు. తిరిగి చూస్తే కనకలక్ష్మి ఆయన వీపు వంకే చూస్తూ నిలబడి ఉంది.

"చిన్నదాంట్లో ఆవిడ మాట తెలుస్తోందండీ. రేపు వానట," అంది. వెంకటరామయ్య పొంగిపోయాడు. ఆవిడ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఇది ఇంటికొస్తే మీరు దాన్నే చూస్తూ మాట్లాడతారు. అప్పుడు మీ మాట నాకెలా తెలుస్తుందండీ?"



"ప్యాక్ చెయ్యాల్నా సార్?" మధుకర్ వెనకనుంచి అడుగుతున్నాడు. వెంకటరామయ్య అటు తిరగలేదు. భార్య ముఖంలోకే చూస్తూ, ఒక్కో మాటా తెలిసేలా నెమ్మదిగా, "ఏం చేద్దామో నువ్వే చెప్పు," అన్నాడు.